ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 టార్గెట్ రైఫిల్, పార్కర్-హేల్ 5సీ సైటు: పదకొండేళ్లు వాడాక

2014లో ఈ రైఫిల్ కొన్నాను. ప్రకటనలో ఎల్39ఎ1 అని రాశారు. బ్రిటిష్ సైన్యం తన పోటీ షూటర్ల కోసం ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో చేయించుకున్న 7.62 మిల్లీమీటర్ల టార్గెట్ రైఫిల్ అది. పాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 యాక్షన్‌కి, అంటే బోల్టు ఉండే లోహపు భాగానికి, లావు బ్యారెల్ బిగించి, ముందున్న చెక్కని సగానికి కోసేస్తే ఆ రూపం వస్తుంది. నాదీ అచ్చం అలాగే ఉంటుంది. కానీ ఎల్39 కాదు.

ఆ సంగతి కనిపెట్టింది కూడా నేను కాదు. మా క్లబ్బులో కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు రైఫిల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, దీని మీద ఎల్39 అని ఎక్కడుంది?" అన్నాడు. ఎక్కడా లేదు. అసలైన దానికి రిసీవర్ (యాక్షన్ బయటి లోహపు పెట్టె) ఎడమ గోడ మీద ఎల్39ఎ1 అని, ఎన్‌ఫీల్డ్ గుర్తుగా యూఈ అని, పక్కన సంవత్సరం ఉంటాయి. నా దాని మీద సన్నని చెక్కుడు అక్షరాల్లో "నంబర్ 4 మార్క్ 2 (ఎఫ్)" అని ఉంది. ఆ ఎఫ్ అంటే లివర్‌పూల్ దగ్గరి ఫజాకర్లీ ఫ్యాక్టరీ. బట్ సాకెట్ (వెనక చెక్క బిగించే లోహపు భాగం) మీద పీఎఫ్‌తో మొదలయ్యే నంబరు, 1954 అన్న తేదీ. అంటే మామూలు పదాతి రైఫిల్‌ని తర్వాతెప్పుడో ఎవరో గన్‌స్మిత్ 7.62కి మార్చాడు. బ్యారెల్ మీద తుపాకులు ఒత్తిడికి ఆగుతాయో లేదో పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు, చదరపు అంగుళానికి 19 టన్నుల గుర్తు ఉన్నాయి. పాత .303 బ్యారెల్ అయితే అక్కడ 18.5 టన్నులు అని ఉంటుంది.

అమ్మిన దుకాణం పేరు చెప్పను. వాళ్లు మోసం చేశారని కూడా అనను. చూపుకి ఎల్39లా ఉంది, అలాగే రాసేశారు. ఫోన్ చేసి అడిగితే 650 పౌండ్లలో 100 తిరిగిచ్చారు. గొడవ అంతటితో అయిపోయింది.

ఇది చదివేవాళ్లకి ఒక మాట ముందే చెప్పాలి. మన దేశంలో .303, 7.62 రెండూ నిషిద్ధ బోరు కిందికే వస్తాయి కాబట్టి అక్కడ మామూలు వాళ్లకి ఇలాంటివి కొనడం, అమ్మడం అన్న ప్రశ్నే లేదు. ఇంగ్లండ్, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఉండి క్లబ్బుల్లో కాల్చే మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఇక్కడ ఇంగ్లండ్‌లో కూడా హోం ఆఫీస్ ఆమోదం ఉన్న క్లబ్బులో కనీసం మూడు నెలలు ప్రొబేషన్ చేసి, పోలీసుల దగ్గర ఐదేళ్ల సర్టిఫికెట్ తీసుకుని, కొనబోయే తుపాకీ ఏ క్యాలిబరో దాంట్లో ముందే రాయించుకోవాలి.

మా నాన్న కర్నూలు ఏపీఎస్పీ బెటాలియన్‌లో పనిచేశాడు. ఆయన సర్వీసులో సగం త్రీ నాట్ త్రీతోనే గడిచింది. ఫోటో పంపిస్తే వెంటనే ఫోన్ చేశాడు. "ఒరేయ్, మేం ఎప్పుడు వదిలించుకుందామా అని చూసిన దాన్ని నువ్వు అన్ని డబ్బులు పోసి కొన్నావా?" ఇది 7.62 నాన్నా అంటే, "బోల్టు అదే కదరా" అన్నాడు. నిజమే. తూటా వెనక మూసి పట్టే బోల్టు అదే.

మార్క్ 2 రావడం మాత్రం నా అదృష్టం. మార్క్ 1లో ట్రిగ్గర్ కింది గార్డుకి వేలాడుతుంది. వానకి చెక్క ఉబ్బితే గార్డు కదులుతుంది, దాంతో ట్రిగ్గర్ లాగుడు కూడా మారిపోతుంది. మార్క్ 2లో ట్రిగ్గర్‌ని నేరుగా రిసీవర్‌కే పెట్టారు. మార్క్ 1 స్టార్ అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. బోల్టు బయటికి తీయడానికి అది జారే పట్టాలో చిన్న గాడి కోశారు, వాడగా వాడగా ఆ గాడి అంచు విరుగుతుంది. కొనేటప్పుడు వేలితో తడిమి చూడండి. బోల్టు పిడి వెనక ఉన్న నంబరూ, సాకెట్ మీది నంబరూ ఒకటేనా అని చూడండి. ఇంక యాక్షన్ గురించి నేను చెప్పేదేం లేదు. నంబర్ 4 యాక్షన్లు లక్షల్లో తయారయ్యాయి, మంచివి దొరుకుతాయి.

దొరకనిది సైటు, అంటే గురి చూసే పరికరం.

నా రైఫిల్‌కి ఎడమ పక్కన పార్కర్-హేల్ పీహెచ్5సీ ఉంది. బర్మింగ్‌హామ్ పార్కర్-హేల్ కంపెనీ ఒక్కో సైనిక యాక్షన్‌కి ఒక్కో మోడల్ చేసింది. పాత పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌కి 5ఎ, పీ14 అనే మరో సైనిక రైఫిల్‌కి 5బీ, నంబర్ 4కి 5సీ. పేరు చూసి కంగారు పడొద్దు, అదే ఊళ్లో ఏ.జే. పార్కర్ అని వేరే కంపెనీ ఉండేది. ట్విన్ జీరో సైట్లు వాళ్లవి. చాలామంది అమ్మేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి పార్కర్ సైటు అని రాసేస్తారు. సైటు చేయి (పైకీ కిందికీ కదిలే పట్టీ) మీద ముద్ర చదివాకే బేరం మొదలుపెట్టండి. 5ఎని తెచ్చి నంబర్ 4కి బిగిద్దామంటే కుదరదు.

మొదటి ఏడాది నన్ను ఏడిపించింది ఈ సైటే. ఇంగ్లండ్‌లో పేరున్న షూటింగ్ మైదానం బిస్లీలో సెంచురీ రేంజి, 600 గజాలు, సన్నగా వాన. ముందు 500లో కాల్చి బాగానే ఉందనుకుని, లెక్క ప్రకారం సైటు పైకి తిప్పాను. మొదటి తూటా బుల్ (టార్గెట్ నడి వలయం) మధ్యలో పడింది. రెండోసారి ఎదురుగాలి కాస్త తగ్గిందని, గుండు కిందికి పోవాలని రెండు క్లిక్కులు కిందికి తిప్పాను. ఏమీ కదల్లేదు. ఇంకో రెండు తిప్పాను. అదీ అంతే. ఇంకో మూడు తిప్పేసరికి బట్స్‌లో (టార్గెట్లు నిలిపే చోట) టార్గెట్ కిందికి దిగి, మళ్లీ పైకొచ్చేసరికి తూటా పడ్డ చోటు చూపే డిస్కు బుల్ కింద, దాని బయటి వలయమైన ఇన్నర్‌లో కనిపించింది. పక్కన పడుకుని కాలుస్తున్న పెద్దాయన తల తిప్పకుండానే, "నీ స్క్రూ అరిగిపోయింది" అన్నాడు.

ఆయన రిటైరైన మెషినిస్టు. సైటుని బల్ల మీద పెట్టి చూపించాడు. పైకి తిప్పినప్పుడు చేయి వెంటనే లేస్తుంది. కిందికి తిప్పితే స్క్రూ మరలకీ నట్టుకీ మధ్య సందు ఉంది కాబట్టి ముందు ఆ సందు నిండాలి, తర్వాతే చేయి కదులుతుంది. 100 గజాల్లో పరీక్షించాం. సైటు గీతల్లో పైనుంచి 5కి దించి ఐదు తూటాలు, సున్నా నుంచి 5కి ఎక్కించి ఐదు తూటాలు. రెండు గుంపుల మధ్య ఒకటిన్నర అంగుళాల ఎడం! సైటు కొలిచేది నిమిషాల్లో, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుల్లో; ఒక నిమిషం అంటే 100 గజాల్లో అంగుళం పైచిలుకు, 1000 గజాల్లో పదిన్నర అంగుళాలు. ఒకటిన్నర అంగుళాలని 1000 గజాలకి లెక్కేసుకుంటే 15 అంగుళాలు. అక్కడ బుల్ మొత్తం వెడల్పే 24 అంగుళాలు.

పెద్దాయన స్ప్రింగ్ మార్చి, నట్టు బిగించి ఆ ఎడాన్ని అర నిమిషం లోపుకి తెచ్చాడు. మిగతాది అలవాటు మీద నెట్టుకొస్తున్నాను. కిందికి రావాలంటే కావాల్సిన దానికంటే రెండు నిమిషాలు ఎక్కువ దించి, మళ్లీ పైకి తిప్పి ఆపుతాను. ఇప్పుడు నా చెయ్యి దానంతటదే ఆ పని చేస్తుంది.

ఇంకో సంగతి రెండేళ్లకి గానీ తట్టలేదు. సైటు మీది గీతలు నిజంగా నిమిషాలు కావాలంటే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం కంపెనీ అనుకున్నంతే ఉండాలి. నా బ్యారెల్ మార్చినవాడు పాతదానికంటే పొడుగుది వేశాడు. దాంతో ముందు సైటు రెండంగుళాలు ముందుకి జరిగింది. 30 అంగుళాల మధ్య ఒక నిమిషం అంటే మిల్లీమీటరులో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ కదలిక. అదే కదలిక 32 అంగుళాల మధ్య నిమిషం కంటే తక్కువవుతుంది. 300 నుంచి 1000 గజాలకి వెళ్లాలంటే నా తూటాకి సుమారు 30 నిమిషాలు ఎక్కించాలి. గీతల్లో 30 పెడితే నిజానికి ఎక్కేది 28. మిగిలిన రెండు నిమిషాలు 1000 గజాల్లో 20 అంగుళాలు కింద. రెండేళ్లపాటు తూటాలని, గాలిని, నా కళ్లని తిట్టుకున్నాను. ఇప్పుడు పుస్తకంలో నా సొంత లెక్క రాసి పెట్టుకున్నాను. మార్పిడి రైఫిల్ కొనేవాళ్లు ఇంచు టేపు జేబులో పెట్టుకెళ్లండి, నవ్వితే నవ్వనీండి.

కంటి దగ్గర ఆరు రంధ్రాల ఐపీస్ ఉంది, వెలుతురుని బట్టి తిప్పుకుంటాను. నలభై ఐదు దాటాక ముందు సైటు రింగు మసకబారడం మొదలైంది. సన్న రంధ్రానికి మారితే రింగు తేటపడింది, కానీ మబ్బు రోజున టార్గెట్టే చీకటైపోయింది. చివరికి ముందు సైటు గొట్టంలో పెద్ద రింగు వేసుకున్నాను. ఆ పాత రింగులు విడిగా వెతికితే ఒక్కోసారి నెలలు పడుతుంది. రైఫిల్‌తోపాటు రింగుల డబ్బా ఇస్తున్నారంటే వదలొద్దు.

ఇక కాల్చడం ఎలా ఉంటుంది? నిజం చెప్పాలంటే 300 గజాల్లో ఇది మామూలుదే. మా క్లబ్బులో ఒకాయనకి పార్కర్-హేల్ 1200టీఎక్స్ ఉంది, మౌజర్ యాక్షన్ మీద కట్టినది. 300లో ఆయన గుంపు నా గుంపులో సగం ఉంటుంది. మౌజర్ బోల్టు ముందువైపు, తూటా కూర్చునే చాంబర్ దగ్గరే లాక్ అవుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్ లాకులు వెనకాల ఉన్నాయి. కాల్చినప్పుడు యాక్షన్ మొత్తం కొంచెం వంగుతుంది, బ్యారెల్ మూతి పైకి లేస్తుంది.

అదే 900, 1000 గజాల దగ్గర కలిసొస్తుంది. వేగం తగ్గిన తూటా బ్యారెల్‌లో కాస్త ఎక్కువ సేపు ఉంటుంది, ఆ లోపల మూతి ఇంకొంచెం పైకి లేస్తుంది, కాబట్టి నిదానం తూటా ఎక్కువ ఎత్తున బయల్దేరుతుంది. దూరం వెళ్లేసరికి వేగం తేడా, ఎత్తు తేడా ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. దీన్ని ఇక్కడివాళ్లు పాజిటివ్ కంపెన్సేషన్ అంటారు. దూరపు పోటీల్లో లీ-ఎన్‌ఫీల్డ్‌కి పాత కాలం నుంచీ ఉన్న పేరు అది. బిస్లీలోనే ఉన్న స్టికిల్‌డౌన్ రేంజిలో 1000 గజాల్లో ఆ మౌజర్ ఆయనా నేనూ ఇంచుమించు సమానంగానే వస్తాం. రెండుసార్లు ఓడించాను కూడా. ఆయన ఒప్పుకోడు, గాలి అంటాడు.

ఒక్కటి మాత్రం కచ్చితంగా పాటిస్తాను. వానలో తూటాలని పొడి గుడ్డలో ఉంచుతాను, చాంబర్‌లో నూనె చుక్క మిగల్చను. తడి తూటా చాంబర్ గోడని పట్టుకోక వెనక్కి జారితే ఆ తోపుడంతా బోల్టు మీదే పడుతుంది. .303 కోసం పుట్టిన యాక్షన్ మీద 7.62 వేసినప్పుడు ఆ అదనపు భారం పెట్టకూడదు. 7.62కి పౌర రూపమైన .308లో, దుకాణాల్లో దొరికే ఎక్కువ ఒత్తిడి తూటాలు కూడా ఇందులో వేయను.

వెల విషయానికొస్తే, నన్నడిగితే ఇలాంటి రైఫిల్‌ని మూడు ముక్కలుగా చూడాలి. సైటు, బ్యారెల్, ఆ తర్వాత పేరు. నేను ఇచ్చిన 550లో సైటు వంతు కనీసం 150 ఉంటుందని నా లెక్క. డబ్బాతో సహా, స్క్రూ బిగువుగా ఉన్న 5సీ అయితే ఇంకొంచెం ఎక్కువే పెడతాను. బ్యారెల్ లోపల గొంతు (చాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోటు) దగ్గర అరిగిందో లేదో, లోపలికి చూసే బోర్‌స్కోప్‌తో చూడనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. పేరుకి వెల ఇవ్వాల్సింది ముద్రలున్నప్పుడే. ఎల్39ఎ1, ఎన్‌ఫీల్డ్ ఎన్వాయ్, కెనడా రైఫిల్ సంఘం మార్పించిన డీసీఆర్ఏ రైఫిళ్లకి ఆ ముద్రలు, నంబర్లు ఉంటాయి, కాబట్టి ఎక్కువ అడగడంలో తప్పు లేదు.

ఒక్కోసారి మాత్రం కడుపు తరుక్కుపోతుంది. మొన్న ఒకాయన 400 పౌండ్లకి అమ్ముతానని తెచ్చిన టార్గెట్ రైఫిల్‌కి సాకెట్ ఎడమ పక్కన టీఆర్ అని, బట్ కింద ఎస్51 అని ఉంది. రిసీవర్ ఎడమ వైపు టెలిస్కోప్ పలకల రంధ్రాలని నింపేసి నున్నగా అరగదీశారు. ఎస్51 అంటే టెలిస్కోపులు బిగించిన హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ గుర్తు. అది ఒకప్పటి స్నైపర్ రైఫిల్. దాన్ని ఎవరో ముందు చెక్క కోసేసి టార్గెట్ రైఫిల్ చేసేశారు. అలా వదిలేసి ఉంటే ఇప్పుడు దాని వెల ఎన్ని రెట్లు ఉండేదో ఆ కోసినవాడికి ఆ రోజుల్లో ఎలా తెలుస్తుంది? ఇలాంటి ముద్రలు దొంగగా కొట్టేవాళ్లూ ఉన్నారు, కాబట్టి ముద్ర ఒక్కటే చూసి నమ్మొద్దు. పలకల రంధ్రాలు, పాత నంబర్లు అన్నీ కలిసొస్తేనే మాట్లాడండి.

నా రైఫిల్‌ని నేను తాకిందల్లా సైటు స్క్రూ, ముందు రింగు. లోహానికి నలుపు మళ్లీ వేయించలేదు, చెక్కకి అవిశె నూనె తప్ప ఏమీ పూయలేదు. పోయిన నెల ఒకాయన సైటు ఒక్కటే అమ్ముతావా, 200 ఇస్తానన్నాడు. నెల్లూరు కుర్రాడు పక్కనుంచి, "అన్నా, అమ్మితే ముందు నన్నడుగు" అన్నాడు. వాడు ఈమధ్యే నంబర్ 4 కొన్నాడు. సైటు లేకుండా.