కండర కణపొరకు ఏ కొవ్వు మేలు: పామిటిక్, ఓలియిక్, డీహెచ్‌ఏ?

చలికాలం పొద్దున్నే చూడండి, గిన్నెలో నెయ్యి గడ్డకట్టి ఉంటుంది, పక్కన పల్లీ నూనె సీసాలో జారుతూనే ఉంటుంది. మరి ఆ నెయ్యి తింటే కండరాల కణపొర కూడా అలాగే బిగుసుకుంటుందా? అంత తేలిక లెక్క కాదిది.

కణాన్ని చుట్టి ఉండే పల్చని కణపొరలో ఉండేవి ఎక్కువగా ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు అణువులు. ఒక్కో అణువుకు రెండు కొవ్వు తోకలు. పామిటిక్, ఓలియిక్, డీహెచ్‌ఏ అలా తోకలయ్యే కొవ్వు ఆమ్లాలే. పామిటిక్ తోకలో 16 కార్బన్లు, కర్రలా నిటారుగా ఉంటుంది. రెండు తోకలూ అదే అయితే ఆ పొర 41 డిగ్రీలు దాటితే గానీ సడలదు. మన ఒంటి వేడి 37 డిగ్రీలే! ఒక తోక తీసి ఓలియిక్ పెడితే ఆ 41 కాస్తా సున్నాకు 2 డిగ్రీల దిగువకు పడిపోతుంది. ఓలియిక్‌కు నడుమ ఒక ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట బంధం) వల్ల ఒక వంపు ఉంటుంది, పక్క తోకలను దగ్గరికి రానివ్వదు. రెండో తోకా ఓలియిక్ చేస్తే దిగేది మరో 15 డిగ్రీలే. అసలు పని మొదటి వంపే చేసేసింది.

శరీరానికి ఈ కిటుకు తెలుసు. సాధారణంగా ఒక తోక నిటారుది, ఒకటి వంపుది పెట్టి పొర కడుతుంది. నడుమ కొలెస్టరాల్ ఉండి మరీ బిగియనివ్వదు, మరీ వదులు కానివ్వదు. పామిటిక్‌ను శరీరమే తయారుచేసుకుంటుంది కూడా, కాబట్టి దాన్ని విషమనలేం. అయితే ప్రయోగశాలలో కండర కణాలకు పామిటిక్ ఒక్కటే ఎక్కువగా పోస్తే ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది, ఓలియిక్ కలిపితే ఆ దెబ్బ తగ్గుతుంది. ఇందులో పొర బిగువు పాత్ర కొంతే. కణం లోపల పేరుకునే సెరమైడ్లనే కొవ్వుల వంటివి కూడా కారణం.

ఇక చేపనూనెలో ఉండే ఒమేగా-3 రకం కొవ్వు డీహెచ్‌ఏకు ఆరు ద్విబంధాలు. చాలా వేగంగా ఆడే కండరాల్లో, అంటే హమ్మింగ్‌బర్డ్ రెక్కల కండరాల్లో, గిలక పాము తోక ఆడించే కండరంలో ఇది మెండు. కానీ ఎన్ని ద్విబంధాలుంటే ఆక్సిజన్‌కు అంత లోకువ. చేపనూనె తొందరగా ముక్కిపోయేది అందుకే.

నన్నడిగితే రోజువారీకి ఓలియిక్‌దే పైచేయి. పల్లీ నూనెలో దాదాపు సగం అదే. పామాయిల్‌లోనూ 40 శాతం దాకా ఉంటుంది, కాకపోతే పామిటిక్ అంతకంటే కాస్త ఎక్కువ. డీహెచ్‌ఏ కోసం వారానికి ఒకట్రెండుసార్లు కవళ్ల పులుసు చాలు. చేప తిననివారు అవిసె గింజలు తినొచ్చు గానీ, వాటి ఒమేగా-3లో డీహెచ్‌ఏగా మారేది బహు స్వల్పం.