మారిషస్ వెళ్తే పోర్ట్ లూయిస్‌ని ఒక్క పూటలో తేల్చేయకండి

మారిషస్ వెళ్లినవాళ్లలో చాలామంది బీచ్ రిసార్ట్‌లో దిగి, రాజధాని పోర్ట్ లూయిస్‌ని మాత్రం ఒక పూటలో చుట్టేసి వచ్చేస్తారు, అది నాకస్సలు నచ్చదు. ప్లాన్‌లో కనీసం రెండు పగళ్లు దీనికి ఉంచుకోండి.

మనవాళ్లయితే ముందు ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్లాలి. 1834 నుంచి దాదాపు 5 లక్షల మంది కూలీలు చెరకు తోటల పని కోసం దిగింది ఈ రేవులోనే, మన కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లు కూడా ఉన్నారు అందులో. టికెట్ లేదు. చూడ్డానికి 16 రాతి మెట్లు, అంతే, కానీ ఓడ దిగి వాళ్లు ఎక్కింది వీటినే అని తెలిశాక అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు నాకు. పూర్వీకుల వివరాలు కావాలంటే మాత్రం ఆ పాత రికార్డులు మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటాయి.

బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి అరుదైన మారిషస్ తపాలా స్టాంపులకి, రంగు వెలిసిపోకుండా, గంటకోసారి కొన్ని నిమిషాలే లైట్ వేస్తారు, ఆ టైం కనుక్కుని వెళ్లండి.

తిండికైతే సెంట్రల్ మార్కెట్ చుట్టుపక్కల వీధులే బెస్ట్. ధోల్ పురీ అంటే తీపి లేని బొబ్బట్టు అనుకోండి, పల్చగా మెత్తగా ఉంటుంది, జతగా ఇస్తారు, అందులో చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చిమిర్చి పచ్చడి వేసి చుట్టి కాగితంలో పెట్టిస్తారు, నిలబడి తింటుంటే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటుంది. ఆ పచ్చిమిర్చి మామూలు ఘాటు కాదు, తక్కువ వేయమని ముందే చెప్పండి. పైన సబ్జా గింజలేసిన చల్లటి పాల పానీయం అలూదా తాగితే ప్రాణం లేచొస్తుంది, ఊరు బాగా ఉక్కగా ఉంటుంది మరి.

పండగల్లో ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు, వింటేనే ఎంత సంతోషమో! కానీ ఆ రోజు ఆఫీసులు మూత కాబట్టి సిటీలో కన్నా తెలుగు మందిరాల దగ్గరే పండగ కనిపిస్తుంది. వీధి సందడి కావాలంటే చైనీస్ కొత్త సంవత్సరానికి చైనాటౌన్ వెళ్లండి, టపాసులు, సింహం డాన్సులు, ఆ పక్కనే జుమ్మా మసీదు.

బస దగ్గరే ఆలోచించాలి. సాయంత్రం ఆఫీసులు వదిలాక రేవు ఒడ్డునున్న కొడాన్ వాటర్‌ఫ్రంట్ తప్ప మిగతా ఊరు ఖాళీ అయిపోతుంది, లోపల చవగ్గా దొరికిన గెస్ట్‌హౌస్ శుభ్రంగానే ఉంది గానీ రాత్రి భోజనానికి చుట్టుపక్కల ఏమీ తెరిచి లేదు. వాటర్‌ఫ్రంట్ హోటళ్లు ఖరీదు. అందుకే దగ్గర్లోని రోజ్ హిల్ అనే ఊళ్లో రూమ్ తీసుకుని పొద్దున్నే మెట్రోలో వచ్చేయడం మేలు, టాక్సీ అయితే ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.