ఢిల్లీ సీఎన్‌జీ సిటీ బస్సు: పాతికేళ్లుగా ఎక్కుతున్నాను, ఐదుకు నాలుగు

నేను రాజమండ్రి నుంచి ఢిల్లీ వచ్చింది 2000లో. ఐటీఓ దగ్గర ఆఫీసు, లక్ష్మీనగర్‌లో గది. అప్పట్లో స్టాపులో పది నిమిషాలు నిలబడితే చాలు, ముక్కు చీదితే రుమాలంతా మసి. బస్సులు డీజిల్ మానేసి సీఎన్‌జీకి, అంటే ఒత్తిడితో సిలిండర్లో నింపిన సహజవాయువుకి మారాక, బస్సు నా ముందే కదిలి వెళ్ళినా ఆ నల్లపొగ మొహాన కొట్టదు. ఎవరేమన్నా సరే, ఈ ఒక్క మార్పుకే మూడు మార్కులు ఇచ్చేస్తాను.

అది తేలిగ్గా రాలేదు. పర్యావరణ లాయరు ఎం.సి. మెహతా ఢిల్లీ కాలుష్యం మీద 1985లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998 జులై 28న ఆదేశమిచ్చింది, 2001 మార్చి 31 కల్లా సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని. గ్యాస్ సరఫరాకి 1998 చివర గెయిల్, బీపీసీఎల్ అనే గ్యాస్, ఆయిల్ సంస్థలూ ఢిల్లీ ప్రభుత్వమూ కలిసి ఇంద్రప్రస్థ గ్యాస్ అనే కంపెనీ పెట్టాయి. తీరా గడువు వచ్చేసరికి బంకులూ చాలలేదు, మారిన బస్సులూ చాలలేదు. ఆ ఏప్రిల్ నాకింకా గుర్తుంది. స్టాపుల నిండా జనమే, బస్సు జాడ లేదు, నేను యమున బ్రిడ్జి మీదుగా ఆఫీసుకి నడిచి వెళ్ళిన రోజులున్నాయి. మా వీధిలో ఉండే ఆటో ఆయన గ్యాస్ కోసం రాత్రంతా క్యూలో బండిలోనే పడుకుని, పొద్దున నింపుకుని వచ్చేసరికి స్కూలు పిల్లల ట్రిప్పు పోయేది. ఆయన సీఎన్‌జీని తిట్టలేదు, గ్యాస్ లేకుండా బండి మార్చమన్నందుకు తిట్టాడు. గడువు పొడిగిస్తూ పోయారు. చివరికి 2002 ఏప్రిల్‌లో కోర్టు డీజిల్ బస్సుకి రోజుకు 500, నెల దాటితే 1000 రూపాయలు జరిమానా కట్టమంది, అప్పుడు గానీ పని ఊపందుకోలేదు, ఆ డిసెంబర్‌కి డీజిల్ సిటీ బస్సులు పోయాయి.

ప్రయాణం ఎలా ఉంటుందంటే, పాత డీజిల్ బస్సు మోతతో పోలిస్తే చాలా నయం. 2010 కామన్వెల్త్ క్రీడల ముందు వచ్చిన లోఫ్లోర్ (మెట్లెక్కే పని లేకుండా నేలకి దగ్గరగా ఉండే) బస్సుల వల్ల మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేది. ఆకుపచ్చ బస్సులో టికెట్టు 5 నుంచి 15 రూపాయలు, ఎర్ర ఏసీ బస్సులో 10 నుంచి 25. ఆడవాళ్ళకి 2019 అక్టోబర్‌లో ఉచితం చేశారు. మే నెలలో ఆకుపచ్చ బస్సు వెనక సీట్లలో మాత్రం కూర్చోకండి, ఇంజను వేడి అక్కడే.

గ్యాస్ బండి అంటే భయపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇది వంటగ్యాస్ లాంటిది కాదు. లీకైతే వంటగ్యాస్ కిందికి దిగి పేరుకుంటుంది, ఇది గాలికన్నా తేలిక కాబట్టి పైకి పోతుంది. కాకపోతే సిలిండర్లో దాదాపు 200 బార్ల ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెండొందల రెట్లు ఉంటుంది, అందుకే మూడేళ్ళకోసారి పరీక్ష తప్పనిసరి. ఆటో సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ముందు ఆ తేదీ చూసుకోండి.

నవంబర్ వచ్చిందంటే ఢిల్లీ గాలి విషమే కదా, సీఎన్‌జీ ఏం చేసినట్టు అని మా ఊరివాళ్ళు అడుగుతారు. మసి తగ్గించింది. కాకపోతే నైట్రోజన్ ఆక్సైడ్లనే చెడ్డ వాయువులు దీన్నుంచీ వస్తాయి. పైగా బస్సులు మారిన ఈ ఇరవై ఏళ్ళలో సొంత కార్లూ బైకులూ ఎన్ని పెరిగాయో ఇక్కడుంటే తెలుస్తుంది, లారీలు, పొలాల్లో గడ్డి తగలబెట్టిన పొగ దానికి అదనం. ఆ లెక్కంతా బస్సు మీద వెయ్యడం అన్యాయం.

మార్కు తగ్గించింది ఇప్పటి పరిస్థితికి. ఆ లోఫ్లోర్ బస్సులకి వయసు అయిపోయింది, తీసేస్తున్నారు, వాటి చోట కరెంటు బస్సులు వస్తున్నాయి. రానివ్వండి, సంతోషమే. కానీ పాతవి పోయినంత వేగంగా కొత్తవి రావడం లేదు, స్టాపులో నిలబడే టైం మళ్ళీ పెరిగింది. విజయవాడలో సీఎన్‌జీ ఆటో నడిపే మా బావమరిదికి ఈ మాట చెబితే, "బావా, మాకు బంకు దగ్గర అరగంట నిలబడితే ఒక ట్రిప్పు పోయినట్టే, ఎక్కడైనా ఇదే గొడవ" అన్నాడు.