జప్పాను వినాలంటే ముందు ‘హాట్ ర్యాట్స్’

అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా బతికుండగా విడుదలైన ఆల్బమ్‌లే అరవై దాటాయి. వరసగా విందామని 1966 నాటి ‘ఫ్రీక్ అవుట్’తో మొదలుపెడితే రెండో రికార్డులోని అరుపులు, డప్పుల దగ్గరే చాలామంది ఆగిపోతారు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఇళ్లలో వయొలిన్, మృదంగం వింటూ పెరిగిన చెవికి 1969 నాటి ‘హాట్ ర్యాట్స్’ దగ్గరి దారి.

ఉన్నవి ఆరు ట్రాకులు. ‘విల్లీ ద పింప్’లో కెప్టెన్ బీఫ్‌హార్ట్ పాడిన కాసేపు తప్ప అంతా వాద్యమే. నాలుగు నిమిషాలైనా లేని ‘పీచెస్ ఎన్ రెగాలియా’ ముందు వినండి. పదహారు వరసల్లో విడివిడిగా రికార్డు చేసుకోగల టేపు అప్పటికి కొత్త. అది చేతికి రావడంతో ఇయాన్ అండర్‌వుడ్ ఒక్కడే పియానో, ఆర్గన్, ఫ్లూట్, క్లారినెట్, శాక్సఫోన్ ఒకదాని మీద ఒకటి వాయించి పేర్చాడు. మొదటిసారి పై స్వరం పట్టుకోండి, రెండోసారి హెడ్‌ఫోన్‌ పెట్టుకుని బాస్ ఒక్కదాన్నే వెంబడించండి. తర్వాత ‘గంబో వేరియేషన్స్’లో షుగర్‌కేన్ హ్యారిస్ వయొలిన్. కమాను తీగను రాచి, గీరి, ఏడిపిస్తుంది. ఆల్బమ్‌కి ప్రాణం అదే.

ఒక్క జాగ్రత్త. 1987 సీడీ కోసం జప్పా మిక్స్, అంటే వాద్యాలను కలిపిన తీరు, మార్చాడు. ‘గంబో’ పదమూడు నిమిషాల లోపుంటే పాత మిక్స్, పదహారు దాటితే మార్చినది. 2012 విడుదలలో పాతదే తిరిగొచ్చింది. అదే తీసుకోండి.

ఆపైన ‘అపాస్ట్రఫీ’ (1974). ‘డోంట్ ఈట్ ద యెల్లో స్నో’ మొదట్లో ఏడేసి లెక్కపెట్టండి, నాలుగేసి వేస్తే తాళం జారిపోతుంది. ‘వన్ సైజ్ ఫిట్స్ ఆల్’ (1975)లో ‘ఇంకా రోడ్స్’ గిటార్ సోలో హెల్సింకి కచేరీది, వేరేచోట రికార్డయిన పాటలో అతికించాడు. అతుకు వెతికినా దొరకదు.

‘వియార్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ద మనీ’ (1968) వినడానికి తొందర లేదు. బరంపురం ఠాకురాణి యాత్రలో ఒక వీధి వాద్యం చెవిలో ఉండగానే పక్కవీధిది కమ్మేసినట్టుంటుంది. దీని 1980ల సీడీలో బాస్, డ్రమ్స్ మళ్లీ వాయించినవి, అది వద్దు. 1995 సీడీలో అసలుది ఉంది.

మద్రాసులో పుట్టిన ఎల్. శంకర్ వయొలిన్ ఇష్టమైతే ‘టచ్ మీ దేర్’ (1979) వెతకండి, నిర్మాత జప్పానే. జప్పా ఆల్బమ్ ‘జోస్ గరాజ్’లో మాటలు బాగా పచ్చివి, పెద్దవాళ్లుండగా స్పీకర్‌లో పెట్టకండి.

రాయగడ-కోరాపుట్ రైలు దారి నిండా సొరంగాలే, సిగ్నల్ నిలవదు. ప్రయాణంలో వినేటట్టయితే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ‘గంబో’ మధ్యలో తెగితే ఆ వయొలిన్ ఎక్కి వచ్చిన మెట్లన్నీ మళ్లీ మొదటినుంచి వినాల్సిందే.