జీనోమ్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్: వేసవి శిక్షణకు వెళ్ళడమా, సొంతంగా నేర్చుకోవడమా – ఏది మేలు?

ఒక జీవి జీనోమ్‌ను, అంటే దాని డీఎన్ఏ మొత్తాన్ని, సీక్వెన్సింగ్ చేయించిన (అక్షరం అక్షరం చదివించిన) ప్రయోగశాలకు అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. వచ్చిన సమాచారాన్ని డేటాబేస్‌లో చేర్చి, పరిశోధకులు వెతుక్కోగలిగే వెబ్‌సైటుగా నిలబెట్టే బాధ్యత చాలాచోట్ల ఒకరిద్దరు పరిశోధక విద్యార్థుల మీద పడుతుంది. వారిలో ఎక్కువమంది జీవశాస్త్రం చదివినవారే తప్ప సర్వర్లు నడిపినవారు కారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 2012లో వెలువడిన కంది జీనోమ్‌నే తీసుకుంటే, అందులో 48,680 జన్యువులున్నట్లు అంచనా కట్టారు. ఇన్ని జన్యువుల వివరాలను ఎక్సెల్ షీట్లలో పెట్టి పంచుకోవడం కుదిరే పని కాదు. ఇందుకు కావలసిన ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను నేర్చుకోవడానికి దగ్గరుండి చేయించే వేసవి శిక్షణ మేలా, అవే పాఠాలను ముందు పెట్టుకుని సొంతంగా కుస్తీ పట్టడం మేలా, లేక ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా గెలాక్సీ వంటి వెబ్ వేదిక మీద సాధన చేయడం మేలా అన్నది ఈ వ్యాసం తేల్చదలచిన విషయం.

ఈ రంగంలో శిక్షణ అనగానే గుర్తుకు వచ్చేది జీమాడ్. పండ్ల ఈగ జన్యువుల కోసం ఫ్లైబేస్, సూక్ష్మమైన నులిపురుగు కోసం వార్మ్‌బేస్ నడిపేవారూ మరికొందరూ, ఎవరికి వారు ఒకే రకం సాఫ్ట్‌వేర్ రాసుకోవడం వృథా శ్రమ అని గ్రహించి ఉమ్మడిగా కూర్చుకున్న పనిముట్ల సంపుటి అది. సమాచారాన్ని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పట్టికలుగా దాచే చాడో, జీనోమ్‌ను తెర మీద చూపే జీబ్రౌజ్, జేబ్రౌజ్, జన్యువులను గుర్తించే మేకర్, డ్రూపల్ అనే వెబ్‌సైటు నిర్మాణ సాఫ్ట్‌వేర్ మీద జీనోమ్ వెబ్‌సైటు కట్టే ట్రైపల్ వంటివి అందులోనివి. చాడో అన్న పేరు జపానువారి తేనీటి సంప్రదాయం నుంచి వచ్చింది. అమెరికాలోని డర్హమ్‌లో, నెస్సెంట్ అనే జీవపరిణామ అధ్యయన కేంద్రంలో, 2008 నుంచి కొన్నేళ్ళపాటు జీమాడ్ వేసవి పాఠశాల నడిచింది. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో కూడా జరిగింది. దరఖాస్తులు చూసి పరిమిత సంఖ్యలో మాత్రమే చేర్చుకునేవారు, సాఫ్ట్‌వేర్ రాసినవారే పాఠం చెప్పేవారు. నెస్సెంట్ 2015లో మూతపడినా పాఠాలు జీమాడ్ వికీలో మిగిలాయి కాబట్టి, ఈ పోలికకు అదే సరైన కొలమానం.

ఆ పద్ధతిలోని మొదటి మేలు, ఇన్‌స్టలేషన్ భారం నేర్చుకునేవారి మీద పడకపోవడం. మొదట్లో వీఎమ్‌వేర్ ఇమేజ్‌గానూ, తరువాత అమెజాన్ క్లౌడ్‌లోనూ, అవసరమైనవన్నీ ముందే చేర్చిన వర్చువల్ మెషీన్‌ను (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్ లాంటిదాన్ని) ఇచ్చేవారు. పర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష మాడ్యూళ్ళు ఒకదానికొకటి పొసగక రోజులు కరిగిపోయిన అనుభవం ఉన్నవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే నా దృష్టిలో అంతకన్నా పెద్ద మేలు మరొకటి ఉంది. అది పుస్తకంలో ఒక వాక్యంగా కనిపించి కళ్ళ ముందు నుంచే జారిపోయే విషయాలను, తెలిసినవారు సరైన సమయంలో వేలు పెట్టి చూపించడం. ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. ఏ జన్యువు ఎక్కడుందో రాసి ఉంచే జీఎఫ్ఎఫ్3 ఫైలులో స్థానాల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. చాడో లెక్క మాత్రం బేసుల (డీఎన్ఏ అక్షరాల) మధ్య ఖాళీలను కొలుస్తుంది, అందువల్ల సున్నా నుంచి మొదలవుతుంది. ఫైలులో 1001 నుంచి 1003 వరకు ఉన్న ఏటీజీ అనే ఆరంభ కోడాన్ (ప్రొటీన్ ఎక్కడ మొదలవాలో చెప్పే మూడక్షరాల గుర్తు), చాడోలోకి ఎక్కాక 1000 నుంచి 1003 అవుతుంది. ఎక్కించే ప్రోగ్రాము ఈ మార్పును తానే చేస్తుంది కాబట్టి అంతవరకు చిక్కు లేదు. ఆ తరువాత సొంతంగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను సమాచారం అడిగే భాష) రాసి, ఆ 1000కి ఒకటి కలపడం మరచి మూడు అక్షరాలు తెమ్మంటే, ఏటీజీకి బదులు దాని ముందున్న అక్షరంతో, అది సీ అనుకుంటే, మొదలై సీఏటీ వస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు. ప్రొటీన్ వరుస మొత్తం తప్పుల తడకగా వస్తుంది, తప్పు సీక్వెన్సింగ్‌లోనే ఉందేమోనని అనుమానం కలుగుతుంది. సొంతంగా నేర్చుకున్న రోజుల్లో నేను సరిగ్గా ఇక్కడే రెండు రోజులు పోగొట్టుకున్నాను. శిక్షణలో అయితే అయిదు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది.

సొంత సాధనకు ఉన్న బలాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. శిక్షణలో ఇచ్చే నమూనా డేటా ముందే సరిచూసి, శుభ్రం చేసి పెట్టినది. మన డేటా అలా ఉండదు. డీఎన్ఏ అక్షరాలుండే ఫాస్టా ఫైలులో క్రోమోజోమ్ పేరు ఒక రకంగా, జీఎఫ్ఎఫ్3లో మరో రకంగా ఉంటే జేబ్రౌజ్‌లో ఆ ట్రాక్ (జన్యువులు కనిపించవలసిన వరుస) ఖాళీగా కనిపించి ఊరుకుంటుంది. ట్యాబ్ ఉండవలసిన చోట స్పేస్ పడినా చిక్కే. వీటిని ఒక్కొక్కటిగా వెతికి పట్టుకున్నవారికి తమ ఫైళ్ళ మీద వచ్చే పట్టు మరే విధంగానూ రాదు. పైగా సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉంటుంది. ఆనాటి పాఠాల్లో ప్రధానమైన జీబ్రౌజ్ స్థానాన్ని జేబ్రౌజ్, దాని స్థానాన్ని ఇప్పుడు జేబ్రౌజ్2 తీసుకున్నాయి. డ్రూపల్ 7కు మద్దతు 2025 జనవరితో ముగిసినందువల్ల దాని మీద కట్టిన ట్రైపల్ సైట్లు కొత్త రూపానికి మారక తప్పదు. అయిదు రోజుల శిక్షణ నేర్పిన ఆదేశాలు పాతబడతాయి, చాడో పట్టికల వెనుక ఉన్న ఆలోచన మాత్రం నిలుస్తుంది. ఇప్పుడు డాకర్ ఇమేజ్‌లు (కావలసినవన్నీ ముందే చేర్చి, దించుకోగానే నడిచే సాఫ్ట్‌వేర్ పొట్లాలు) ఉన్నాయి కాబట్టి ఇన్‌స్టలేషన్ విషయంలో శిక్షణకు ఒకప్పుడున్న ఆధిక్యం చాలావరకు తగ్గింది.

గెలాక్సీ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. మేకర్‌తో జన్యువులను గుర్తించడం, అపోలో అనే పనిముట్టుతో వాటిని సరిదిద్దడం వంటి పాఠాలు అక్కడ ఉచితంగా ఉన్నాయి, బ్రౌజర్ ఉంటే చాలు. విశ్లేషణ మాత్రమే అవసరమైన విద్యార్థికి ఇది పుష్కలంగా సరిపోతుంది. సొంత జీనోమ్ డేటాబేస్ సర్వర్‌ను నిలబెట్టి, ఏళ్ళ తరబడి నడపడం ఎలాగో అక్కడ నేర్చుకోవాలనుకుంటే మాత్రం నిరాశే మిగులుతుంది.

కాబట్టి జీనోమ్‌ను తెర మీద చూపడమే లక్ష్యమైతే జేబ్రౌజ్2ను ఇంట్లోనే నేర్చుకోవాలి. దానికి చాడో అవసరమే లేదు, విమాన ఖర్చు, వీసా తిప్పలు అంతకన్నా అవసరం లేదు. అనేక రకాల సమాచారాన్ని ఒకచోట కలిపి, చేతులు మారినా నిలిచే డేటాబేస్‌ను కట్టే బాధ్యత మీదే అయితే మాత్రం, అలాంటి శిక్షణ ఎక్కడ దొరికినా వెళ్ళమనే నా సలహా. అయితే రెండు వారాలు ముందుగా డాకర్‌లో సొంతంగా ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయారో రాసుకుని వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు సొంత డేటాలోంచి యాభై జన్యువులున్న చిన్న ముక్కను తీసుకుపోవాలి. అందులో డీఎన్ఏ రెండు పోగుల మీదా జన్యువులుండేలా, కనీసం ఒక జన్యువుకు రెండు ఎమ్ఆర్ఎన్ఏలు (జన్యువు నుంచి తయారయ్యే నకళ్ళు) ఉండేలా చూసుకోవాలి. నమూనా డేటాతో సాఫీగా సాగిన పాఠం తడబడేది సరిగ్గా అలాంటి జన్యువుల దగ్గరే, అడగడానికి ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి పక్కన ఉండేది ఆ కొద్ది రోజులే.