ఒక్క ఏడాదికి మూడు గంటలు: హిమాయత్‌నగర్‌లో 1434పై ప్రసంగం

హిమాయత్‌నగర్‌లోని ఒక చిన్న సమావేశ మందిరంలో గత ఆదివారం సాయంత్రం ‘ఐరోపాలో 1434’ అనే అంశంపై తెలుగులో జరిగిన ప్రసంగానికి 300 రూపాయల టికెట్టు కొనుక్కుని వెళ్లాను. పునరుజ్జీవన యుగం అనగానే మన వక్తలు డావిన్సీతో మొదలుపెట్టి మైకెలాంజిలోతో ముగించి, రెండు శతాబ్దాలను గంటలో చుట్టేస్తారు. ఇక్కడ అలా కాకుండా ఒకే సంవత్సరాన్ని తీసుకుని, ఆ ఏడాది ఇటలీలోని ఫ్లారెన్స్‌లో అధికారం ఎలా చేతులు మారిందో, ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ నగరంలో ఒక చిత్రకారుడు ఏం గీశాడో, ఆఫ్రికా తీరం వెంట ఒక పోర్చుగీసు ఓడ ఎంతదూరం పోయిందో చెబుతామన్నారు. ఆ మాట చాలావరకు నిలబెట్టుకున్నారు.

వక్త చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలు. మొదటి గంటంతా ఫ్లారెన్స్‌కే కేటాయించారు. 1433లో అప్పటికి నగరంలో పెత్తనం చేస్తున్న రినాల్డో దెల్లి అల్బిజ్జీ వర్గం, తన ప్రత్యర్థి, ధనిక బ్యాంకరు కోసిమో దె మెదిచిని ప్రభుత్వ భవనపు గోపురంలో బంధించి, ఆ తరువాత నగరం నుంచి వెళ్లగొట్టింది. 1434 అక్టోబరులో ఆయన తిరిగి రాగానే, వెళ్లగొట్టినవారికే ఆ గతి పట్టింది. ఇందులో కత్తి కన్నా చీటీ చేసిన పని ఎక్కువని చెప్పడానికి ఆమె ఒక గుడ్డ సంచి తెప్పించారు. ఫ్లారెన్స్ పాలక మండలిలోని తొమ్మిది మందిని రెండు నెలలకొకసారి తోలు సంచుల్లోంచి పేర్లు తీసి ఎంపిక చేసేవారట. మా పేర్లు రాసిన చీటీలను సంచిలో వేసి, ముందు వరుసలోని ఒక అమ్మాయి చేత తొమ్మిది తీయించారు (నా పేరు రాలేదు, మా పక్కింటాయనది వచ్చింది). 1434 వేసవి చివర అలా తీసిన పేర్లలో మెదిచి పక్షంవారు ఎక్కువగా ఉండటంతో కోసిమోకు పిలుపు వెళ్లింది. తిరిగి వచ్చాక ఆయన సంచులను రద్దు చేయలేదు, వాటిలోకి ఏ పేర్లు వెళ్లాలన్నది మాత్రం తన మనుషుల చేతుల్లో పెట్టుకున్నాడు. ఈ మాట దగ్గర హాల్లో చాలామంది నవ్వారు.

రెండో గంటలో ప్రొజెక్టరు పరువు తీసింది. బ్రూజ్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ గీసిన ఆర్నొల్ఫీనీ అనే వర్తక దంపతుల చిత్రం తెరమీద బూడిద రంగు మసకలా కనిపించింది. పచ్చని గౌను నల్లగా మారింది, కుక్కపిల్ల ఆనవాలే లేదు. టికెట్టు అమ్మేటప్పుడు చూపే శ్రద్ధలో సగమైనా పరికరాల మీద పెట్టి ఉంటే బాగుండేది. అయితే వక్త ముందుచూపుతో ఏ త్రీ కాగితంపై ముద్రించిన రంగుల ప్రతులు, నాలుగు భూతద్దాలు వెంట తెచ్చారు. ఆ ప్రతిలో వెనక గోడకున్న కుంభాకార దర్పణం రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది, అంతే. భూతద్దం పెట్టి చూస్తే అందులో ఆ దంపతుల వీపులు, వారికి ఎదురుగా గుమ్మంలో నిలబడిన మరో ఇద్దరు, అద్దం చట్రం చుట్టూ పది చిన్న వృత్తాల్లో క్రీస్తు యాతనల ఘట్టాలు కనిపించాయి. అద్దానికి పైన గోడమీద ‘యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు, 1434’ అని లాటిన్‌లో రాసి ఉంది. మూలచిత్రం ఓక్ చెక్క మీద తైలవర్ణాలతో వేసినది, ఎత్తు 82 సెంటీమీటర్లు మాత్రమే. ఒక పెద్దాయన లేచి, “ఆ అమ్మాయి నిండు చూలాలా, మేడమ్?” అని అడిగారు. “కాదండీ, అంత బట్టను ముందుకు ఎత్తి పట్టుకోవడం ఆనాటి ఫ్యాషను” అని ఆమె జవాబిచ్చారు. అది పెళ్లి దృశ్యమా కాదా అన్న వివాదాన్ని తేల్చకుండా వదిలేయడం నాకు నచ్చింది.

ఉస్మానియా బిస్కట్లు, టీ అయ్యాక సముద్రయానం మొదలైంది. జిల్ ఎయానెస్ అనే పోర్చుగీసు నావికుడు 1433లో కానరీ దీవుల వరకు వెళ్లి వెనుదిరిగాడు; యువరాజు హెన్రీ మళ్లీ పంపగా, మరుసటి ఏడాది ఆఫ్రికా పశ్చిమ తీరంలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన బోజడోర్ అగ్రాన్ని దాటాడు. అక్కడ తీరం దగ్గర నీటిలోతు తక్కువ, పైగా ఈశాన్యపు గాలి తిరుగు ప్రయాణానికి ఎదురు కొడుతుంది; అందుకే దాన్ని దాటినవాడు తిరిగి రాడన్న భయం నావికుల్లో నాటుకుపోయింది. దాటాక అతనికి మనుషులెవరూ కనబడలేదు. ‘సెయింట్ మేరీ గులాబీలు’ అని పిలిచే మొక్కలను ఒక చిన్న పీపాలో పెట్టుకుని గుర్తుగా తెచ్చాడు. ఈ భాగాన్ని అరగంటలో ముగించేయడం మాత్రం అన్యాయం. గాలుల తీరు చెప్పే ఒక్క పటమైనా చూపించవలసింది.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. హైదరాబాదులో, తెలుగువాళ్ల ముందు 1434 గురించి మాట్లాడుతూ దక్కను ఊసే ఎత్తలేదు. అప్పుడు బీదరులో అహ్మద్ షా బహమనీ, విజయనగరంలో రెండవ దేవరాయలు ఏలుతున్నారు. శ్రీనాథుడికి కనకాభిషేకం చేసిన ప్రౌఢ దేవరాయలు ఆయనే. ఐదు నిమిషాలు చాలేవి. ప్రశ్నల సమయంలో ఈ సంగతి అడిగితే, వచ్చేసారి చేరుస్తామన్నారు.

వచ్చే నెల ఇదే ప్రసంగం మళ్లీ ఉందట. 300 రూపాయలకు నష్టమేమీ లేదు, కానీ ప్రతులు వెనక వరుసల దాకా రావడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి ముందు వరుసల్లోనే కూర్చోండి. నాలుగు భూతద్దాలు ఎనభై మందికి చాలలేదు. ఇంట్లో ఉంటే ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి.