కేపీహెచ్‌బీలో మా వైపు వంట దొరికే కర్రీ పాయింట్

మాది విజయనగరం. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి నాలుగేళ్ళయింది, కేపీహెచ్‌బీలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నా. మిగతా నెలలన్నీ ఎలాగోలా గడిచిపోతాయి కానీ దసరా దగ్గర్నుంచి కార్తీకం అయ్యేదాకా ఇంటి మీదే ధ్యాస. మాకు దసరా కంటే దసరా వెళ్ళాక వచ్చే మంగళవారమే పెద్ద పండగ, పైడితల్లమ్మ సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, ఆ రోజే గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. దసరాకి సెలవిస్తారు గానీ మంగళవారానికి ఇక్కడ ఎవరిస్తారు, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో చూస్తే వెయిటింగ్ లిస్ట్. పోయినేడు ఆ సాయంత్రం అమ్మ వీడియో కాల్‌లో సిరిమాను చూపిస్తోంది, నేనేమో జేఎన్‌టీయూ మెట్రో మెట్లు దిగుతున్నా, సరిగ్గా సిరిమాను దగ్గరికొచ్చే టైంకి కాల్ కట్ అయిపోయింది. హాస్టల్‌కెళ్తే మళ్ళీ అదే నీళ్ళ టమాటా పప్పు. తినబుద్ధి కాక బయటికొచ్చి నడుస్తుంటే సందు చివర ఈ కర్రీ పాయింట్ కనిపించింది.

బోర్డు మీద కర్రీ పాయింట్ అనే ఉంటుంది, వేరే పేరేం లేదు. భార్యాభర్తలిద్దరే నడుపుతారు. "ఏటమ్మా, ఈయేళ అన్నీ అయిపోనాయి, కందా బచ్చలే ఉంది, పట్టికెళ్తావా?" అన్నారావిడ. నాకు ఒక్కసారి గొంతు పట్టేసింది. మీదే ఊరండీ అంటే పార్వతీపురం అన్నారు. ఆఫీసులో కొత్తలో నేను ఏటి అంటే పక్కసీటు వాళ్ళు నవ్వేవాళ్ళు, అందుకని మానేసి ఏంటి అనడం అలవాటు చేసుకున్నా, ఇప్పుడు ఈ కౌంటర్ దగ్గర మాత్రం హాయిగా మా మాటే మాట్లాడతా. పిన్నిగారూ అని పిలుస్తా.

ఇక ఆ కూర సంగతి. కంద ముక్కలు మెత్తగా ఉడికినా చిదిరిపోలేదు, చింతపండు పులుపు సరిపడా పట్టింది కాబట్టి గొంతు దురద లేదు, పైన ఆవ ఘాటు. మూడో ముద్దకి ముక్కు అదిరింది. ఆవ పెట్టిన కూర హైదరాబాద్‌లో చాలాచోట్ల తిన్నా, చేదొచ్చేస్తుంది, పొయ్యి మీద ఉండగానే ఆవముద్ద కలిపేస్తారేమో. పిన్నిగారు గిన్నె దించి, ఆవిరి కాస్త తగ్గాక అప్పుడు కలుపుతారు. ఒక ఆదివారం మధ్యాహ్నం చూశా, చేతులకి నూనె రాసుకుని కంద తరుగుతున్నారు, పక్కన చిన్న రోట్లో ఆవాలూ పచ్చిమిరపకాయలూ నూరడానికి రెడీగా ఉన్నాయి. మిక్సీ ఉంది కానీ ఆవకి మాత్రం రోలే.

కూర ప్యాకెట్ 40, పప్పు 30, చారు 20. ఒక కూర ఇద్దరికి వస్తుంది. వంకాయ అల్లం పచ్చిమిర్చి బాగుంటుంది, సాంబార్ మాత్రం నాకు నచ్చలేదు, తియ్యగా ఉంటుంది.

కార్తీకంలో సోమవారం ఉల్లీ వెల్లుల్లీ అసలు ముట్టరు, అన్ని గిన్నెలూ అలాగే వండుతారు. నేను ఉపవాసం ఉండి ఆఫీసు నుంచి ఏడింటికి వస్తా, అప్పటికి ఎప్పుడో చీకటి పడి ఉంటుంది, మబ్బు లేకపోతే చుక్క చూసి ఇక్కడ పెసరపప్పూ బీరకాయ కూరా కట్టించుకెళ్తా. కౌంటర్ పక్కన ఉసిరికాయ మీద ఒత్తి వెలుగుతూ ఉంటుంది. ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది ఆ పది నిమిషాలూ.

ఇంకోటి, వీళ్ళ దగ్గర పనిచేసే అక్కది మెదక్ వైపు. సద్దుల బతుకమ్మ రోజు ఆవిడే నువ్వుల సద్ది, పెరుగు సద్ది కలిపి కౌంటర్ మీద పెట్టి వచ్చినవాళ్ళందరికీ తలా కాస్త పెట్టింది, డబ్బులు తీసుకోలేదు. తంగేడు, గునుగు పేర్చడం కూడా నాకు ఆ అక్కే నేర్పింది, మా సందులో ఆడవాళ్ళతో కలిసి ఆడా కూడా.

బాగోలేనివి కూడా చెప్పాలి. ఎనిమిదిన్నర దాటితే సగం గిన్నెలు ఖాళీ, ఆలీసంగా వచ్చేవాళ్ళకి ఏం మిగలదు. వేడి వేడి చారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బర్ బ్యాండ్ వేసేస్తారు, అది నాకు అస్సలు ఇష్టం లేదు, చెప్పాను కూడా, అందరూ కవర్లే అడుగుతారమ్మా అన్నారు. నేనైతే స్టీలు డబ్బా తీసుకెళ్తా, మీరూ తీసుకెళ్ళండి, డబ్బా తెస్తే కొలత కూడా ఒక గరిటె ఎక్కువే వేస్తారు. ఆదివారం రాత్రి షాపు ఉండదు.

దీపావళి అయిన నాలుగో రోజుకి మనకి నాగుల చవితి కదా, ఇక్కడివాళ్ళు శ్రావణంలోనే నాగుల పంచమి చేసేసుకుంటారు కాబట్టి స్వీటు షాపుల్లో ఆ టైంకి చిమ్మిలి, అదే నువ్వులూ బెల్లం కలిపి దంచేది, అడిగితే అదేంటండీ అంటారు. పిన్నిగారు చిమ్మిలీ చలివిడీ రెండూ చేస్తారు, కానీ అడిగినవాళ్ళకే, అది కూడా కొంచెమే. కావాలంటే రెండ్రోజుల ముందే వెళ్ళి చెప్పి రండి, నాది చెప్పడం అయిపోయింది.